పని మానిన గుర్రానికి తావు: మే నెలను చూసి ఎంచుకోవాలి

కర్నూలు, ఆదోని, ప్రొద్దుటూరు వీధుల్లో జట్కా బండ్లు ఆటోలకు దారి ఇచ్చి చాలా కాలమైంది. గుర్రాలు మాత్రం రాయలసీమను వదిలి పోలేదు. పెళ్లి ఊరేగింపులకు, దేవుడి ఉత్సవాలకు, సరదా స్వారీకి ఇప్పటికీ సాకుతున్నారు. వాటిలో ప్రతిదానికీ ఒక రోజు వస్తుంది. బ్యాండు మేళం మధ్య రెండు గంటలు నిలబడలేదు. పడుకుని లేచేటప్పుడు వెనక కాళ్లు వణుకుతాయి. వేసిన గడ్డిలో సగం తొట్టి పక్కనే రాలి ఉంటుంది. గుర్రం మామూలుగా 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. పొట్టి జాతివి ఇంకొంచెం ఎక్కువే బతుకుతాయి. 18 ఏళ్లకు పని మానిందంటే ఇంకా పదేళ్ల దాకా బతుకు మిగిలినట్టే. ఆ పదేళ్లు ఎక్కడ గడవాలి అన్నది యజమాని తేల్చాల్సిన విషయం.

సంతకు తోలితే ఆ గుర్రాన్ని కొనేవాడు దాన్ని కూర్చోబెట్టి మేపడానికి కొనడు. ఇంతకంటే మొరటు పనికే కొంటాడు. విప్పి వదిలేస్తే హైవే మీదికి చేరుతుంది. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం, పనికి తగని జంతువుతో పని చేయించడం రెండూ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరాలే. మిగిలిన దారి ఒక మంచి తావు వెతకడం. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. కార్తీకంలో పోయి చూస్తారు. చుట్టూ పచ్చగా ఉంటుంది, కుంటలో నీళ్లుంటాయి, గడ్డివాములు నిండుగా ఉంటాయి. బాగుందనుకుని గుర్రాన్ని దింపి వస్తారు. సీమలో ఏ తావు మంచిదో చెప్పేది మే నెల. బోరు తగ్గి, వాము అడుగంటి, రేకుల కింద నిలబడలేని ఆ నలభై రోజుల్లో ముసలి నోటికి నమలగలిగే మేత రోజుకు నాలుగుసార్లు ఎవరు అందిస్తారన్నదే ఎంపికలో అసలు ప్రశ్న. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు గుర్రాన్ని చూసుకోవాలి

తావు వెతికే ముందు గుర్రం బరువు తెలియాలి. మేత, మందు, నట్టల మందు మోతాదు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. కాటా దొరక్కపోయినా దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక, మోచేతికి ఆనుకుని ఛాతీ చుట్టుకొలత తీయాలి. భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు తీయాలి. రెండూ సెంటీమీటర్లలో ఉండాలి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టు 150, పొడవు 130 ఉన్న గుర్రం సుమారు 246 కిలోలు తూగుతుంది. ఊరేగింపు గుర్రాల్లో పొట్టివి చాలావరకు ఈ లెక్కకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. ఈ కొలత కాగితం మీద తేదీతో సహా రాసి పెట్టుకోవాలి. తర్వాత పని పడుతుంది.

కడుపు చూసి లావుగా ఉందనుకోవద్దు. కండ కరిగిన ముసలి గుర్రానికి గడ్డి కడుపు కిందికి జారి, చూసేవాళ్లకు దిట్టంగానే కనిపిస్తుంది. చేత్తో తడిమితే వెన్నుపూసలు గుచ్చుకుంటాయి, తుంటి ఎముకల పైన గుంట పడి ఉంటుంది. నమ్మాల్సింది వీపునే.

ఆ తర్వాత పళ్లు. గుర్రం దవడ పన్ను ఏడాదికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు అరుగుతుంది, లోపల ఉన్న నిల్వలోంచి అంతే మేర పైకి వస్తుంది. పాతికేళ్లు దాటేసరికి ఆ నిల్వ అయిపోతుంది. అప్పుడు పన్ను నున్నబడుతుంది, ఊగుతుంది, చివరికి రాలుతుంది. ఒక పన్ను రాలితే దాని ఎదుటి పన్నుకు అరుగుదల లేక కొక్కెంలా పెరిగి చిగురును గుచ్చుతుంది. ఇంట్లోనే గుర్తు పట్టొచ్చు. నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు తొట్టి చుట్టూ కనిపిస్తాయి. లద్దెను చేత్తో విడదీసి చూస్తే ఒక సెంటీమీటరు దాటిన పీచు, నలగని గింజ దొరుకుతాయి. అలా ఉంటే పచ్చిక బయలు ఎంత పెద్దదైనా ఆ గుర్రానికి ఉపయోగం లేదు. నోటికి అందినా కడుపుకు అందదు. గుర్రం పళ్లు ఆకురాయితో సరిచేయడం తెలిసిన డాక్టరుతో తావు మార్చకముందే ఒకసారి చూపించాలి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి.

కాళ్ల దగ్గర ఒక చిన్న గుర్తు ఉంది. ముందుకాళ్ల చీలమండల మీద, గిట్టకు కాస్త పైన, ఎదురు వైపున వెంట్రుక రాలి పుండు మానిన మచ్చలు ఉన్నాయేమో చూడాలి. గుర్రం నిలబడి కునుకు తీయగలదు కానీ గాఢ నిద్ర పట్టాలంటే పడుకోవాలి, రోజుకు అరగంటో గంటో. కీళ్లనొప్పులున్న గుర్రం లేవలేనేమోనని పడుకోవడం మానేస్తుంది. కొన్నాళ్లకు నిద్ర ఆపుకోలేక నిలబడ్డచోటే ముందుకాళ్లు మడతపడి కూలుతుంది. ఆ దెబ్బల మచ్చలే ఇవి. ఈ గుర్రానికి కావాల్సింది మెత్తటి నేల, పడుకోవడానికి వీలుగా విప్పి ఉంచే కొట్టం. పొట్టి పలుపుతో రాత్రంతా కట్టేసే చోటుకు దాన్ని పంపకూడదు.

ఎండాకాలం వచ్చినా చలికాలపు జూలు రాలకుండా ఒళ్లంతా పొడవాటి వంకర వెంట్రుకలు ఉండిపోతే అది వయసు ముచ్చట అనుకోవద్దు. మెదడు కింది గ్రంథికి వచ్చే జబ్బు లక్షణం అది. ఇలాంటి గుర్రాలకు గిట్టల లోపల వాపు సులువుగా వస్తుంది, కాబట్టి బెల్లం, గింజలు పెట్టకూడదు. 42 డిగ్రీల ఎండలో ఆ వెంట్రుకలు మిషనుతో కత్తిరించక తప్పదు. కొత్త తావులో ఆ పని చేసే మనిషి ఉన్నాడా అని అడగాలి.

సీమలో దొరికే మేత, దాని మెలికలు

గుర్రానికి రోజూ దాని బరువులో వందకు ఒకటిన్నర నుంచి రెండు వంతుల ఎండు మేత కావాలి. 246 కిలోల గుర్రానికి అది దాదాపు 5 కిలోలు. నెలకు 150, ఏడాదికి 1,800 కిలోలు. తొక్కి పాడుచేసేది కలిపితే రెండు టన్నులు. తావు వాళ్లు "రెండు ట్రాక్టర్ల గడ్డి ఉంది" అంటే సరిపోదు. ఎన్ని కిలోలు, ఎన్ని నోళ్లకు, ఏ నెల దాకా అని లెక్క కట్టాలి.

అనంతపురం వైపు మొదట దొరికేది చెనిక్కాయ కట్టె, అంటే కాయలు తీశాక మిగిలే వేరుశనగ చెట్టు. పోషకాల్లో వరిగడ్డి కంటే ఎంతో మేలు. కానీ చెట్టును వేరుతో పీకుతారు కనుక మట్టి అంటుకునే వస్తుంది. ఆవు ఎలాగో తట్టుకుంటుంది. గుర్రం పేగు మలుపుల్లో మాత్రం ఆ ఇసుక కొద్దికొద్దిగా పేరుకుని ఒకనాడు కడుపునొప్పిగా బయటపడుతుంది. గుర్రానికి వాంతి కాదు, దాని కడుపునొప్పి ప్రాణాంతకం కావచ్చు. తావులో ఉన్న గుర్రాల లద్దె ఐదారు ఉండలు ఒక బక్కెట్లో వేసి, నీళ్లు పోసి కలిపి, పావుగంట ఆగి నీళ్లు వంచేస్తే అడుగున ఇసుక కనిపిస్తుంది. చెంచాడు తేలితే అక్కడ కట్టె దులపకుండా, నేల మీదే వేస్తున్నారని అర్థం. అక్టోబరు వానకు కళ్లంలో తడిసిన కట్టె ఇంకా ప్రమాదం. నల్లబడి, విదిలిస్తే తెల్లటి దుమ్ము లేచి, ముక్కిన వాసన వస్తుంటే బూజు పట్టినట్టే. ఆ బూజు విషం కాలేయాన్ని తింటుంది, దుమ్ము ముసలి ఊపిరితిత్తులకు దగ్గు తెస్తుంది.

కర్నూలు, నంద్యాల వైపు జొన్న చొప్ప ఎక్కువ. పండి ఎండిన చొప్పతో భయం లేదు, కాండం గట్టిదన్నదే బాధ. పళ్లు లేని గుర్రానికి సన్నగా కత్తిరించి తడిపి పెట్టాలి. లేత జొన్న, కోత తర్వాత మోడు నుంచి లేచిన పిలకలు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. వాటిలో సైనైడు విషం ఉంటుంది, వానలేక వాడిన పైరులో ఇంకా ఎక్కువ. పచ్చి జొన్న మేసిన గుర్రాలకు మూత్రాశయం పట్టు తప్పి, వెనక కాళ్లు తూలే జబ్బు కూడా వస్తుంది. చేను అంచున గుర్రాన్ని మోకు వేసి కట్టే అలవాటున్న చోట ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

కేసీ కాలువ కింద వరిగడ్డి చవక. ముసలి గుర్రానికి అదే ప్రధాన మేత అయితే మాత్రం ఆ తావు వద్దు. సారం తక్కువ, నమలడానికి కష్టం, పేగులో గట్టిపడి అడ్డుపడుతుంది. పక్కపరుపుగా వేయడానికి పనికొస్తుంది.

ఇప్పుడు పాడి ఉన్న ప్రతిచోటా సూపర్ నేపియర్ కనిపిస్తుంది. "పచ్చిమేతకు కొదవ లేదు" అని గర్వంగా చూపిస్తారు. బర్రెలకు అది వరమే. గుర్రం విషయం వేరు. ఆ గడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. నెలల తరబడి అదే మేపితే గుర్రం తన ఎముకల్లోని సున్నాన్ని కరిగించుకుంటుంది. మొదట కారణం తెలియని కుంటు, తర్వాత ముక్కు పక్క ఎముకలు ఉబ్బి మొహం పెద్దదవడం. తవుడు ఎక్కువ పెట్టినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అర కిలో గోధుమ తవుడు పెడితే 15 నుంచి 20 గ్రాముల సున్నపురాయి పొడి, అంటే దాణా షాపుల్లో దొరికే క్యాల్షియం కార్బొనేట్, కలపాలి. గోడలకు వేసే సున్నం కలపకూడదు, నోరు, గొంతు కాలతాయి. లూసర్న్ అనే పప్పుజాతి మేత ఉన్న చోటైతే కాల్షియం దానిలోనే బాగా ఉంటుంది. బోరు కింద పది సెంట్లు లూసర్న్ వేసిన తావు, ఎకరా నేపియర్ వేసిన తావు ఎదురెదురుగా ఉంటే ముసలి గుర్రానికి మొదటిదే మేలు. సుబాబుల్ ఆకు మేపే చోట గుర్రాలకు జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. దాన్ని చూసి కూడా అక్కడి మేత సంగతి చెప్పొచ్చు.

పళ్లు బాగా పోయిన 246 కిలోల గుర్రానికి ఒక రోజు మేత ఇలా కుదురుతుంది: ఒకటి రెండు సెంటీమీటర్లకు కత్తిరించిన ఎండు లూసర్న్ గానీ దులిపిన చెనిక్కాయ కట్టె గానీ మూడున్నర కిలోలు, గోధుమ తవుడు అర కిలో, ఉడకబెట్టి మెదిపిన ఉలవలు అర కిలో (ఉడకక ముందు తూకం), ఉప్పు 25 గ్రాములు. దీన్ని నాలుగు పూటలకు పంచి, ప్రతి పూటా బరువుకు రెండు మూడింతల నీళ్లలో కనీసం అరగంట నాననివ్వాలి. పొడిగా పెడితే ఆకలి మీద మింగేసి గొంతులో అడ్డం పడుతుంది. మెడ చాపి, ముక్కు రంధ్రాల నుంచి మేత కలిసిన చొంగ కారుతుంటే అదే. వెంటనే మేత, నీళ్లు తీసేసి డాక్టరును పిలవాలి, చేత్తో తోయకూడదు. ఎండాకాలంలో నానిన మేత మూడు గంటల్లో పులుస్తుంది కాబట్టి పొద్దున్నే రోజంతటికీ కలిపి పెట్టుకునే పద్ధతి పనికిరాదు. పూటపూటకూ మనిషి కావాలి. తావు ఎంపికలో ఎకరాల కంటే ఆ మనిషే ముఖ్యం అనేది ఇందుకే.

ఒక హెచ్చరిక కోళ్ల దాణా గురించి. దానిలో కలిపే మోనెన్సిన్ అనే మందు కోళ్లకు మేలు చేస్తుంది, గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి చంపేస్తుంది. కోళ్లఫారం, గుర్రాల కొట్టం ఒకే గోడౌను వాడుకుంటున్న చోటు ఎంత బాగున్నా వదిలేయాలి.

నీళ్లు, నేల, నీడ

చలికాలంలో ఈ పొట్టి గుర్రం 12 నుంచి 15 లీటర్లు తాగుతుంది, ఎండు మేత మీద ఉన్నప్పుడు మే నెలలో 30 లీటర్ల దాకా పోతుంది. పళ్లు సెన్సిటివ్‌గా ఉన్న ముసలి గుర్రం మరీ చల్లటి నీళ్లు, ఎండకు కాగిన నీళ్లు రెండూ సరిగా తాగదు. నీళ్లు తగ్గితే మరుసటి రోజే లద్దె గట్టిపడుతుంది. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నుంచి ఎండలో పరిచిన పైపు ద్వారా వచ్చే నీళ్లను మధ్యాహ్నం చేత్తో ముట్టి చూస్తే చాలు. చెట్టుకింద సిమెంటు తొట్టి నయం, వారానికి రెండుసార్లు పాచి కడిగితే. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. ఏళ్ల తరబడి తాగాల్సిన నీళ్లు కాబట్టి ఒక సీసా పరీక్షకు ఇవ్వడం మంచిది.

నేల సంగతి సీమవాళ్లకు చెప్పనక్కర్లేదు, అయినా గుర్రం కోణంలో చూడాలి. నల్లరేగడి వానాకాలంలో గిట్టకు ముద్దలుగా పట్టి లాగుతుంది, గిట్ట అడుగు నానిపోయి కుళ్లువాసన వస్తుంది. ఎండాకాలంలో అదే నేల నెర్రెలు విచ్చి కాలు ఇరుక్కునేలా ఉంటుంది. కీళ్లు బిగిసిన గుర్రానికి రెండు కాలాలూ కష్టమే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం ఎర్ర నేల మేతకు పేదదే గానీ గిట్టకు మంచిది, నీరు నిలవదు. రాళ్లు ఏరేసి ఉండాలి, ఎందుకంటే పని మానాక లాడాలు తీసేస్తారు. లాడాలు తీసిన గిట్టను ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కి సరిచేయాలి. ఎద్దులకు లాడం కొట్టే మనిషి ఉన్నాడంటే సరిపోదు, గుర్రం గిట్ట కోణం వేరు, చెక్కే తీరు వేరు.

కొట్టంలో కడప బండలు పరిచి ఉంటే శుభ్రంగా, అందంగా కనిపిస్తాయి. మూత్రం పడి నున్నబడిన బండ మీద ముసలి గుర్రం లేవబోయి జారితే తుంటి విరుగుతుంది. ఒకసారి అలా జారిన గుర్రం మళ్లీ పడుకోవడానికి భయపడుతుంది. బండలే ఉంటే వాటిపైన మొరం లేదా ఇసుక ఆరు అంగుళాలు దిమ్మిస చేసి, ఆపైన నాలుగంగుళాల గడ్డి వేయిస్తామంటేనే ఒప్పుకోవాలి. కొట్టం పొట్టి గుర్రానికి పది అడుగులకు పది, పెద్దదానికి పన్నెండుకు పన్నెండు ఉండాలి. రేకుల షెడ్డయితే పైన బోదగడ్డి గానీ కొబ్బరి మట్టలు గానీ కప్పి, పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. వేప, కానుగ, చింత చెట్ల నీడకు మించిన కప్పు లేదు.

కంచె చుట్టూ ఒకసారి నడిచి రావాలి. ముళ్ల తీగ గుర్రం కాలిని ఎముక దాకా కోస్తుంది. చూపు మందగించిన ముసలిదానికి అది కనబడదు కూడా. నిలువు బండల కంచె గట్టిదే, పగిలిన అంచులు రాపిడి పట్టి ఉండాలి. సర్కారు తుమ్మ కంప వేస్తే ముళ్లు గిట్టలో దిగుతాయి, ఎండాకాలంలో రాలే తియ్యటి కాయలను గుర్రం ఆబగా తిని పేగు అడ్డుపడుతుంది. పూజ పూల కోసమని గన్నేరు పెంచిన ఆవరణ కనిపిస్తే అక్కడే ఆగాలి. కొన్ని ఆకులు చాలు గుండె ఆగడానికి. ఆముదం గింజలు, లొట్టపీసు కూడా విషమే.

గోశాల, బంధువుల తోట, డబ్బు కట్టే చోటు

అందరికీ మొదట తోచేది గోశాల. అక్కడ దయ ఉంటుంది, గుర్రం గురించిన తెలివిడి ఉండకపోవచ్చు. మేత రెండు పూటలే వేస్తారు, అదీ వరిగడ్డి. కొమ్ములున్న పశువుల మధ్య తొట్టి దగ్గర ముసలి గుర్రం వెనకబడుతుంది. భక్తులు తెచ్చే బెల్లం, అన్నం, అరటిపళ్ల గెలలు గిట్టల వాపుకు నేరుగా దారి. ఆవులు, బర్రెలు పైకి ఏమీ కనబడకుండా సర్రా జబ్బు క్రిములను రక్తంలో మోస్తుంటాయి. వానాకాలపు జోరీగలు వాటిని కుట్టి గుర్రాన్ని కుడతాయి. వచ్చి పోయే జ్వరం, కడుపు కింద, కాళ్లకు నీరు, ఎంత తిన్నా చిక్కిపోవడం దాని లక్షణాలు. అయినా గోశాలను పూర్తిగా తోసేయనక్కర్లేదు. విడిగా కంచె, విడిగా తొట్టి, భక్తుల చేయి అందని చోటు ఇచ్చి, గుర్రం కోసమే ఒక మనిషి జీతానికి యజమాని నెలనెలా డబ్బు కడితే బాగా నడిచే అవకాశం ఉంది.

బంధువుల తోటలో ప్రేమకు లోటుండదు. ఒంటరితనం మాత్రం ఉంటుంది. గుర్రం గుంపు జంతువు. ఒంటరిగా కట్టేస్తే మేత తగ్గిస్తుంది, గోడలు కొరుకుతుంది. నెమ్మదైన ముసలి గుర్రమో, గాడిదో తోడుండాలి. గాడిద తోడు మంచిదే, కానీ దాని ఊపిరితిత్తుల్లో దగ్గు తెప్పించే పురుగులు బయటికి తెలియకుండా ఉంటాయి కాబట్టి ముందుగా దానికి నట్టల మందు పట్టించాలి. మన వైపు మగ గుర్రాలకు బీజం తీయించడం తక్కువ. మీది మగదైతే ఆడ గుర్రాలున్న తావు కుదరదు. ఇరవై ఏళ్లకు బీజం తీయించడం కంటే తావు మార్చుకోవడమే క్షేమం.

డబ్బు తీసుకుని గుర్రాలను ఉంచుకునే స్వారీ కేంద్రాలకు సీమవాళ్లు హైదరాబాదో బెంగళూరో చూస్తారు. కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ సుమారు 210 కిలోమీటర్లు. అక్కడ గుర్రం డాక్టర్లు దగ్గర. ఇబ్బంది ఏమిటంటే చూడటానికి ఏడాదికి రెండుసార్లకు మించి పోలేరు. జంతు సంక్షేమ సంస్థ అయితే భారత జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉందేమో అడగడం కనీస జాగ్రత్త. గుర్తింపు ఉండటం కొట్టం బాగుందనడానికి రుజువు కాదు, లెక్కాపత్రం ఉంటుందనడానికి మాత్రం ఆధారం.

చూడబోయినప్పుడు

చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి పోవాలి. చెప్పకుండా పోయేది మధ్యాహ్నం రెండు గంటలకు. ఆ వేళ తొట్టిలో నీళ్లున్నాయా, కాపలా మనిషి ఉన్నాడా, గుర్రాలు నీడలో ఉన్నాయా చూడాలి. అందంగా ఉన్న గుర్రాన్ని చూపిస్తారు. "ఇక్కడ అన్నిటికంటే ముసలిది ఏది?" అని అడిగి దాని వీపు తడమాలి, గిట్టలు ఎత్తి చూడాలి, మోచేతుల మీద పడక పుండ్లు వెతకాలి. ఆ గుర్రమే రేపు మీ గుర్రం.

మేత వేసే మనిషితో మేనేజరు లేనప్పుడు మాట్లాడాలి. "అన్నా, పోయిన ఎండాకాలం గడ్డి యాడ నుంచి తెచ్చినారు? రాత్రి కడుపునొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేస్తారు?" రెండో ప్రశ్నకు తడబాటు లేకుండా ఒక పేరు వస్తే సగం భరోసా. 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. అయినా పల్లెల్లో డాక్టర్లు రోజూ చూసేది బర్రెలు, గొర్రెలు. గుర్రానికి ముక్కు గుండా కడుపులోకి గొట్టం వేయడం తెలిసిన డాక్టరు రెండు గంటల్లో చేరగలిగే దూరంలో ఉండాలి. పశువులకు వాడే మందులన్నీ గుర్రానికి పడవు. లింకోమైసిన్ లాంటిది పేగులను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది.

పరీక్ష, ప్రయాణం, మొదటి నెల

గ్లాండర్స్ పరీక్ష చేయించకుండా గుర్రాన్ని కదిలించకూడదు. అది మనుషులకూ అంటుకునే జబ్బు. జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రం హిస్సార్‌లో ఉంది, గ్లాండర్స్ నిర్ధారణకు రక్తనమూనాలు చేరేది అక్కడికే. పశుసంవర్ధక శాఖ డాక్టరు ద్వారా నమూనా పంపి, ఫలితానికి నెల రోజులు ముందుగానే సమయం ఉంచుకోవాలి. పాజిటివ్ వస్తే 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం ఆ గుర్రాన్ని నొప్పిలేకుండా చంపి పూడ్చాల్సిందే. ఆ మాట వినడం కష్టమే, కానీ ఒక్క గుర్రాన్ని దాచిపెడితే కొట్టం మొత్తానికీ, సాకే మనుషులకూ ప్రమాదం. ఈ రిపోర్టు అడగకుండా గుర్రాన్ని దింపించుకునే తావు రేపు ఇంకొకరి గుర్రాన్నీ అలాగే దింపించుకుంటుంది. అలాంటి చోటు వద్దు. ధనుర్వాతం టీకా ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు వేయించాలి.

తరలించడానికి డిసెంబరు, జనవరి మంచి నెలలు. చల్లగా ఉంటుంది, కొత్త కట్టె చేతికొచ్చి ఉంటుంది, వేసవికి ముందు అలవాటు పడటానికి నాలుగు నెలలు దొరుకుతాయి. ట్రక్కును రోడ్డు పక్క గట్టుకు వెనక్కి ఆనిస్తే వాలు బల్ల లేకుండానే గుర్రం ఎక్కుతుంది. అడుగున ఇసుక, పైన తడిపిన గోనెలు పరిచి, తల వంచుకునేంత వదులుగా కట్టాలి. తల ఎత్తి కట్టేస్తే దుమ్ము ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయి నిమ్ము చేస్తుంది. నాలుగు గంటలకోసారి ఆపి నీళ్లు పెట్టాలి.

పాత చోటు మేత పది రోజులకు సరిపడా వెంట పంపాలి. మొదటి రెండు రోజులు అదే, తర్వాత రోజుకు కొంచెం కొత్తది కలుపుతూ పదో రోజుకు పూర్తిగా మార్చాలి. మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, ఆ తర్వాత వారం పాటు కంచె అవతల నుంచి ముక్కు ముక్కు తాకేలా ఉంచి, అప్పుడు గుంపులో వదలాలి. మేత తొట్లు గుర్రాల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ, ఒక్కోదానికి పది అడుగుల దూరం. లేకపోతే కొత్తగా వచ్చిన ముసలిదానికి మేత దక్కదు. రోజుకు ఎన్నిసార్లు లద్దె వేసిందో మొదటి వారం గోడ మీద గీత గీసి లెక్కపెట్టాలి. ఎనిమిది నుంచి పన్నెండు మామూలు. ఐదుకు పడిపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి.

కాగితం రాసుకోవడం అపనమ్మకమేమీ కాదు. స్టాంపు పేపరు మీద ఐదు సంగతులు స్పష్టంగా ఉండాలి. గుర్రం ఎవరిది, నెలకు ఎంత, డాక్టరు ఖర్చు ఎవరిది, పెళ్లిళ్లకు గానీ స్వారీకి గానీ ఈనించడానికి గానీ అమ్మడానికి గానీ వీల్లేదన్నది, ఇక కోలుకోదని తేలిన రోజు నిర్ణయం ఎవరిదన్నది. ఐదోది రాయడానికి చాలామందికి చేయి రాదు. రాయకపోతే అర్ధరాత్రి కడుపునొప్పితో దొర్లుతున్న గుర్రం పక్కన నిలబడి, ఫోన్ ఎత్తని యజమాని కోసం తెల్లారేదాకా ఎదురు చూస్తారు. ఆ గంటలు భరించేది గుర్రమే. డాక్టరు చేత నొప్పిలేని మరణం ఇప్పించే అధికారం తావు వాళ్లకు రాసిచ్చి ఉంటే ఆ బాధ తప్పుతుంది. పూడ్చే చోటు కూడా అప్పుడే చూసి పెట్టుకోవాలి. బావికి, బోరుకు దూరంగా, జేసీబీ వానాకాలంలోనూ పోగలిగే ఎర్ర నేల మీద, పది అడుగుల పొడవు, ఏడు వెడల్పు, తొమ్మిది లోతు. మత్తుమందుతో పోయిన కళేబరాన్ని బయట వదిలితే తిన్న కుక్కలు కూడా చస్తాయి.

నెల తిరిగాక మళ్లీ టేపు తీయాలి. ముందు రాసిపెట్టిన చుట్టుకొలత పక్కన కొత్తది రాయాలి. 150 ఉన్నది 147కు దిగితే, పొడవు మారదు కాబట్టి, పది కిలోలు పోయినట్టు. ఇంకా ఏ జబ్బూ కనబడకపోయినా ముందు పళ్లు, తర్వాత మేత తూకం, ఆ తర్వాత తొట్టి దగ్గర దాన్ని తరుముతున్నది ఎవరన్నది ఆ వరుసలోనే చూడాలి. మేలో పదిహేను రోజులకోసారి.